వీపు సిద్ధాంతం

"ప్రేమా త్యాగమూ మా పార్టీకి కొత్తవి కావు. యూరప్ వాళ్లు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నారు. పాపం, నేర్చుకోనిద్దాం. ఆ సినిమాని ఒక్క కత్తెర కూడా పడకుండా, ప్రభుత్వమే దగ్గరుండి ప్రజలకు చూపిస్తుంది!" అని కళల మంత్రిగారు ప్రకటించిన రోజున నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను. మర్నాడు పత్రికల్లో వచ్చిన ఫోటోలో మంత్రిగారి చెవి పక్కన కనబడే మోచేయి నాదే.

పాఠకులకు నన్ను నేను పరిచయం చేసుకోవాలి. నేను కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. పుస్తకాలే తప్ప మనుషుల పొడ అంతగా గిట్టనివాణ్ణి. మనుషుల మనసుల గురించి ఇంత నమ్మకంగా మాట్లాడగలగడం అందుకే సాధ్యమైంది. సినిమాల పరిశీలన సంఘంలో మానసిక నిపుణుణ్ణి కూడా. ఫలానా సినిమా చూస్తే జనం మనసు గాయపడుతుందో లేదో చెప్పడం నా పని. గాయపడదని ఇంతవరకు ప్రతి సినిమాకీ సంతకం పెట్టాను. నా మనసు కూడా గాయపడలేదు.

ఈ సినిమా సంగతి వేరు. కొన్ని దేశాల్లో దీన్ని నిషేధించారు. మరికొన్ని దేశాల్లో బహుమతులిచ్చారు. ఒకటి రెండు దేశాలు రెండూ చేశాయి. మామూలుగా అయితే మంత్రిగారు దీని జోలికి పోయేవారు కాదు. కానీ ప్రతిపక్ష నాయకుడు ఒక సభలో "మన కళల మంత్రికి తెలిసిన కళ రిబ్బను కత్తిరించడం ఒక్కటే" అన్నాడు. ఆ మాట మంత్రిగారికి ఎక్కడో తగిలింది. అదే వారం ఆ సినిమా తీసిన దేశపు రాయబారి వచ్చి, మర్యాద కోసం, "మా సినిమా మీ దగ్గర చూపిస్తే బాగుంటుంది" అన్నాడు. మంత్రిగారు అక్కడికక్కడే సరేనన్నారు. రాయబారి కొంచెం కంగారుపడ్డాడని మంత్రిగారి పీఏ చెప్పాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ ఆ సినిమా గురించే అడిగింది. ఆవిడ ఆస్పత్రిలో మాట రాని పిల్లలకు మాటలు నేర్పుతుంది. ఇంట్లో ఆ విద్యతో అవసరం లేదని నా అభిప్రాయం.

"రేవు ఊరి ఆస్పత్రి వాళ్లు మళ్లీ ఫోన్ చేశారండీ. క్వార్టర్స్ కూడా ఇస్తారట. ఏ సంగతీ చెప్పమంటున్నారు" అంది.

"నువ్వేం చెప్పావు?"

"ఇంకా చెప్పలేదు. ఆ సినిమాకి నాతో రండి. మొదటి నుంచి చివరిదాకా పక్కన కూర్చోండి. మధ్యలో లేవకూడదు. బయటికొచ్చాక ఫోన్ చేసి చెప్తాను వాళ్లకి."

"సినిమాకీ ఉద్యోగానికీ సంబంధం ఏమిటి?"

"సైకాలజీ మీది కదా. ఆలోచించండి."

ఆలోచించాను. మజ్జిగ దాకా వచ్చేసరికి విషయం తేలిపోయింది. ఆవిడకి రేవు ఊరు వెళ్లాలని లేదు. వెళ్లొద్దని నేను అనాలి. ఆ మాట నేరుగా అడగలేక సినిమాను అడ్డం పెట్టుకుంటోంది. ఇదంతా నాపై గాఢంగా ఆధారపడటానికి గుర్తు. ఈ విశ్లేషణను ఉదాహరణలతో సహా ఆవిడకి వివరించాను. ఆవిడ అంతా విని, కంచం తీసుకెళ్లి కడిగింది. దాన్ని అంగీకారం కిందే లెక్క వేశాను.

"ఇంతకీ వస్తారా, రారా?" అని వంటింట్లోంచి అడిగింది.

"వస్తానన్నానుగా" అన్నాను. నిజానికి అప్పటిదాకా అనలేదు.

ముందు మా సంఘం సినిమా చూడాలి. మా సంఘానికి ఒక పద్ధతి ఉంది. టీ వచ్చేదాకా సినిమా చూస్తాం. టీ వచ్చాక అభిప్రాయాలు చెప్తాం. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు కానీ, సంఘంలో ఇంతవరకు అభిప్రాయభేదం రాకపోవడానికి అదే కారణం. సినిమాలు సాధారణంగా టీ తర్వాతే గొడవల్లో పడతాయి.

ఆ రోజు మేం నలుగురం. అధ్యక్ష స్థానంలో మంత్రిగారు. పక్కన ఆయన అక్కగారు, పార్టీ మహిళా విభాగానికి ఆవిడే పెద్ద. వెనక రిటైరయిన జడ్జిగారు, చీకటి పడగానే ఆయన కళ్లు మూసుకుని విచారణ మొదలుపెడతారు. చివర నేను.

సినిమాలో కథ చిన్నదే. మంచు ఊరు. రొట్టెలు కాల్చే ఒకాయన. ఆయన భార్య గడియారాలు బాగుచేసే ఇంకొకడిని ప్రేమిస్తుంది. రొట్టెలాయన అరవడు, ఏడవడు. తుపాను రోజున తనే ఆవిణ్ణి భుజాల మీద మోసుకుని, మంచులో నడిచి, గడియారాలవాడి ఇంటికి చేరుస్తాడు. ఆ ఇంటి తలుపు బయటికి తెరుచుకునే రకం. దానికి గొళ్లెం విరిగి ఉంటుంది. గాలికి తలుపు టపటపా కొట్టుకుంటుంటే లోపల చలికి వాళ్లిద్దరూ వణికిపోతారు. "తలుపు సంగతి నేను చూసుకుంటాను" అని రొట్టెలాయన బయట నిలబడి, తలుపుకి వీపు ఆనించి, మడమలు మంచులో దిగేసి, దాన్ని మూసి ఉంచుతాడు. లోపల ఆ ఇద్దరూ బట్టలు విప్పేస్తారు. ఆ దృశ్యం చాలాసేపు నడిచింది. సంఘం దాన్ని అత్యంత శ్రద్ధతో పరిశీలించింది. అక్కగారు చెంగు కళ్లకి అడ్డం పెట్టుకున్నారు. చెంగు పల్చనిది.

సరిగ్గా అప్పుడు టీ వచ్చింది. లైట్లు వేశారు.

"ఎవడయ్యా వాడు?" అన్నారు మంత్రిగారు.

"ఎవరు సార్? లోపలివాడా?" అన్నాడు పీఏ.

"ఛ, బయటివాడు! పెళ్లాం కోసం, పెళ్లాం ప్రియుడి కోసం, చలిలో వీపు ఆనించి నిలబడ్డాడు చూడు. అడగలేదు, గొణగలేదు. లోపల ఏం జరుగుతోందో తొంగి కూడా చూళ్లేదు. వాడయ్యా కార్యకర్త అంటే!"

జడ్జిగారు మేలుకుని "అంగీకరిస్తున్నాను" అన్నారు.

"డాక్టరూ, వాడి మనసులో ఏముంటుందంటావు?" అని మంత్రిగారు నావైపు తిరిగారు. ఆయన నన్నొక ప్రశ్న అడగడం అదే మొదటిసారి. నాలో చదువు పొంగింది.

"సార్, మనిషి తనని తాను చూసుకోలేని చోటు వీపు. ముఖంతో చేసే త్యాగంలో అహంకారం ఉంటుంది. చేతులతో చేసేదాంట్లో ప్రతిఫలాపేక్ష ఉంటుంది. వీపుతో చేసేది మాత్రమే శుద్ధ త్యాగం. దీన్ని ఆనుకునే తత్వం అనవచ్చు."

"ఎక్కడుందిది?"

"ఇప్పుడే పుట్టింది సార్."

"రాసివ్వు."

ప్రొజెక్టర్ ఆపరేటర్ గది కిటికీలోంచి తల బయటపెట్టాడు. "సార్, ఇంకా కొంచెం ఉంది. వెయ్యమంటారా?"

"త్యాగం అర్థమైపోయిందిగా" అన్నారు జడ్జిగారు.

"గుడ్డలు లేకుండా ఇంకేమైనా ఉందా?" అని అక్కగారు నిలదీశారు.

"లేదమ్మా. ఇహ అన్నీ గుడ్డలతోనే."

"అయితే అక్కర్లేదు. తమ్ముడూ, ఇలా రా." అక్కగారు మంత్రిగారిని పక్కకి పిలిచారు గానీ ఆవిడ గొంతు పక్కకి వెళ్లే రకం కాదు. "ఈ సినిమా నువ్వు వెయ్యి. నేను అడ్డుకుంటా."

"అదేంటక్కా?"

"మనం వేస్తే ప్రతిపక్షం వాళ్లు ధర్నా చేస్తారా, చెయ్యరా? ఆ ధర్నా కూడా మనమే చేసేస్తే వాళ్లకి ఇంక చెయ్యడానికేం మిగుల్తుంది?"

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. అక్కా తమ్ముళ్ల మధ్య అంతటి అవగాహనను నేను పుస్తకాల్లో కూడా చూడలేదు.

నా వ్యాసం 'ఆనుకునే తత్వం: ఒక పరిచయం' అన్న పేరుతో అచ్చయింది. ముందుమాట మంత్రిగారిది. అది కూడా నేనే రాశాను. అందులో నన్ను నేను కాస్త ఎక్కువగానే పొగుడుకున్నానేమోనని భయపడ్డాను. మంత్రిగారు ఇంకో రెండు విశేషణాలు కలిపారు.

తర్వాతి సోమవారం పార్టీ 'వీపు దీక్ష' ప్రకటించింది. రాజధానిలో ప్రతి ప్రభుత్వ కార్యాలయం తలుపుకీ ఒక కార్యకర్త వీపు ఆనించి నిలబడాలి. దీక్షకు అపూర్వమైన స్పందన వచ్చింది. లోపలికి తెరుచుకునే తలుపులకి ఆనుకున్నవాళ్లు లోపల వెల్లకిలా పడ్డారు. వాళ్లని త్యాగంలో తొలిమెట్టు ఎక్కినవారుగా గుర్తించి శాలువాలు కప్పారు. బయటికి తెరుచుకునే తలుపుల దగ్గర దీక్ష సంపూర్ణంగా విజయవంతమైంది. జనం లోపలికి రాలేదు, ఉద్యోగులు బయటికి పోలేదు. ఆ రోజు ప్రభుత్వానికి ఒక్క ఫిర్యాదు కూడా అందలేదని సాయంత్రం మంత్రిగారు గర్వంగా వెల్లడించారు.

అదే వేదిక మీద ఇంకో ప్రకటన కూడా చేశారు. వీపు తత్వాన్ని ప్రపంచానికి అందించడానికి ఒక పరిశోధన పీఠం పెడతారట. దానికి డైరెక్టరుగా ఎవరు తగినవారో అందరికీ తెలుసని అన్నారు. అందరూ నావైపు చూశారు. నేను వినయంగా నేల చూపులు చూశాను. ఆ చూపు అద్దంలో అభ్యాసం చేసి వచ్చాను.

"ఫైలు కదులుతోంది డాక్టర్ గారూ" అని పీఏ చెవిలో చెప్పాడు. "మీరు మాత్రం మంత్రిగారి కళ్లముందు కదులుతూ ఉండండి."

ఇంటికెళ్లి ఈ కబురు చెబితే మా ఆవిడ "మంచిదే" అంది. కంచాలు పెడుతూ, "సినిమా శనివారమేగా? మర్చిపోలేదుగా?" అంది.

"డైరెక్టర్ పదవి వస్తుంటే నీకు సినిమా గోలేంటి?"

"వాళ్లు సోమవారం దాకే ఆగుతామన్నారండీ."

ఇందులో ఆందోళన లక్షణాలు కనిపించాయి. వ్యాసం రెండో ముద్రణలో పాదసూచికగా వాడుకోవచ్చని గుర్తు పెట్టుకున్నాను.

సినిమా వేసేది ప్రభుత్వ కళామందిరంలో. అది అప్పుడే కొత్తగా బాగు చేయించారు. కాంట్రాక్టు మంత్రిగారి బావమరిదిది. శుక్రవారం పొద్దున మంత్రిగారు రిబ్బను కత్తిరించి, పెద్ద తలుపు గొళ్లెం పట్టుకుని లాగారు. తలుపు అక్కడే ఉంది. గొళ్లెం ఆయన చేతిలోకి వచ్చింది.

అందరం గొళ్లెం వైపు చూశాం. గొళ్లెం ఎవరివైపూ చూడలేదు.

"బావా, అది... డిజైనే అలాంటిది" అన్నాడు బావమరిది.

మంత్రిగారి నుదురు ముడిపడింది. నాకు భయం వేసింది. అంతలో ఆయన ముఖం వెలిగిపోయింది. గొళ్లేన్ని పైకెత్తి కెమెరాలకి చూపించారు. "విన్నారా! ఇది మా వాళ్ల కళాదృష్టి! సినిమాలో తలుపుకి గొళ్లెం లేదు, మా తలుపుకీ లేదు. వీపులుండగా గొళ్లేలెందుకు?"

చప్పట్లు మోగాయి. మొదట కొట్టింది నేనే. బావమరిది అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు. రేపు ఆ తలుపుకి యువజన విభాగం నుంచి ఆరడుగుల కుర్రాళ్లు కాపలా ఉంటారని అక్కడే నిర్ణయం జరిగింది.

శనివారం సాయంత్రం మేమిద్దరం కళామందిరం చేరేసరికి అక్కగారి బృందం రెండు వ్యాన్లలో దిగి అట్టలు పంచుకుంటోంది. 'సంస్కృతిని కాపాడండి' అట్టలు తక్కువపడి, వెనక వరస వాళ్లకి పాతవి ఇచ్చారు. వాటిమీద 'మంచినీళ్లివ్వండి' అని ఉంది.

లోపల ముందు వరసలో రాయబారి, మంత్రిగారు, జడ్జిగారు. మా సీట్లు మూడో వరసలో చివర. మా ఆవిడ గోడవైపు కూర్చుని, పెద్ద సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుంది. సినిమాకి ఇంత సంచీ ఎందుకని అడిగాను.

"ఉండనివ్వండి. కూర్చోండి ముందు."

కూర్చున్నాను. చాలా రోజుల తర్వాత ఆవిడ భుజం నా భుజానికి తగిలింది. ఏదో అనబోయాను, ఏదో మంచి మాటే. ఏమనబోయానో ఇప్పుడు గుర్తు లేదు. అంతలో పీఏ వంగి వంగి నడుచుకుంటూ వచ్చాడు.

"డాక్టర్ గారూ, కొంప మునిగింది. తలుపు ఊగిపోతోంది."

"యువజన విభాగం ఏమైంది?"

"వాళ్లు ధర్నాలో చేరిపోయారండీ. అక్కడ టీవీ వాళ్లున్నారని తెలిసింది. రాయబారి వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాడు. మంత్రిగారు ఒకటే అన్నారు: సిద్ధాంతం రాసినవాడికంటే గట్టి వీపు ఎవరికుంటుంది? అని."

"ఇప్పుడా? మా ఆవిడతో..."

"రెండు నిమిషాలు సార్. ఫోటోగ్రాఫర్ దార్లో ఉన్నాడు. మీరు ఆనుకుంటారు, క్లిక్కంటాడు, వచ్చేస్తారు. ఫైలు మంత్రిగారి ఒళ్లోనే ఉంది."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ తెర వైపు చూస్తోంది. తెర మీద ఇంకా ఏమీ లేదు.

"రెండు నిమిషాలే" అన్నాను.

"వెళ్లండి. మీ సీటు ఎవరికీ ఇవ్వను." అని, నేను లేచాక, "మొదలవుతోంది, త్వరగా రండి" అంది.

బయటికొచ్చి తలుపుకి వీపు ఆనించాను. వీపుకి తలుపు చల్లగా తగిలింది. మడమలు గచ్చుకి తన్నిపెట్టాను. ఒక సిద్ధాంతకర్త తన సిద్ధాంతాన్ని ఒంటిమీద అనుభవించడం శాస్త్రచరిత్రలో అరుదు. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తోచింది.

"సంస్కృతిని..." అని అక్కగారు అరిచారు.

"మంచినీళ్లివ్వండి!" అని వెనక వరస అరిచింది.

అక్కగారు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "డాక్టరూ, మేం లాగుతాం, నువ్వు ఒత్తు. మరీ గట్టిగా లాగంలే. నడుం నొప్పేమైనా ఉందా నీకు?"

"లేదమ్మా."

"ఉంటే ముందే చెప్పు. మనవాళ్లలో కొందరికి ఆవేశం ఎక్కువ."

తలుపు సందులో వేళ్లు పెట్టి లాగారు. నేను ఒత్తాను. టీవీ వాళ్లు తీసుకున్నారు. కాసేపటికి వ్యాన్ల హారన్లు మోగాయి. అక్కగారు "రేపు పేపర్లో చూసుకుందాం" అని చెయ్యి ఊపి వెళ్లిపోయారు. యువజన విభాగం అట్టలు సర్దడానికి సాయం చేసి, అదే వ్యాన్లో ఎక్కింది. మెట్ల మీద నేనొక్కణ్ణే మిగిలాను. ఫోటోగ్రాఫర్ రాలేదు.

లోపలికి పోవచ్చు. పోవాలనే అనుకున్నాను. కానీ సరిగ్గా నేను లోపలికి పోయిన క్షణాన ఫోటోగ్రాఫర్ వస్తే? ఆనుకునే తత్వానికి పునాదే ఆగడం కదా. పైగా మా ఆవిడ ఎలాగూ సినిమాలో మునిగి ఉంటుంది. నేను లేకపోవడం ఆవిడకి తెలియకపోవచ్చు. తెలిసినా, ఎడబాటు ప్రేమను పెంచుతుందని నేనే రాశాను.

అప్పుడు తలుపు లోపలి నుంచి కదిలింది.

మెల్లగా, ఎవరో అరచేత్తో నెట్టినట్టు. నేను మడమలు బిగించాను. మళ్లీ నెట్టారు. తర్వాత తట్టారు. పెద్దగా కాదు. పడుకున్న మనిషిని లేపేటప్పుడు తడతామే, అలా. లోపలి జనం ఆ దృశ్యం దగ్గరికి వచ్చి ఉంటారని ఊహించాను. గుంపు ఉద్వేగం ఇలాగే మొదలవుతుంది. ముందు మెత్తగా, తర్వాత ఉధృతంగా. అనుకున్నట్టే కాసేపాగి ఇంకా బలంగా నెట్టారు, ఈసారి ఇద్దరు నెట్టినట్టుంది. నేను పళ్లు బిగించి ఒళ్లంతా వీపు చేసుకున్నాను. తలుపు వెంట్రుకవాసి కూడా జరగలేదు. చివరికి అవతల ఎవరో తలుపు మీద చెయ్యి ఆన్చి అలాగే కొంతసేపు ఉంచినట్టు అనిపించింది. తర్వాత అదీ పోయింది.

గెలిచాను. జీవితంలో ఒక గుంపుని నిలువరించడం అదే మొదలు.

చీకటి పడింది. లోపలి నుంచి సినిమాలోని గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడటం లేదు. దగ్గు లేదు, కుర్చీ కిర్రుమనడం లేదు. కళాఖండం ముందు ఇంతటి నిశ్శబ్దమా అని మురిసిపోయాను. ఫోటోగ్రాఫర్‌ని తిట్టుకుంటూ తలుపు తెరిచి లోపలికి తొంగిచూశాను.

హాల్లో ఎవరూ లేరు. కుర్చీల చేతుల మీద, వరస వరసకీ, ఖాళీ టీ కప్పులు. తెర పక్కన చిన్న తలుపు బార్లా తెరిచి ఉంది.

మూడో వరసకి వెళ్లాను. మా ఆవిడ లేదు. సంచీ లేదు. నా సీట్లో ఎవరూ కూర్చోలేదు. దాని చేతి మీద మాత్రం ఒక టీ కప్పు ఉంది, పైన సాసరు బోర్లించి.

ఆపరేటర్ సినిమా ఆపలేదు. ఆపమని అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. తెర మీద తెల్లవారింది. తుపాను వెలిసింది. ఊరివాళ్లు నలుగురు వచ్చి, తలుపుకి గడ్డకట్టుకుపోయిన రొట్టెలాయన్ని పలుగులతో జాగ్రత్తగా విడదీసి పక్కన పడుకోబెట్టారు. తలుపు తెరిచారు. గదిలో ఎవరూ లేరు. అవతలి గోడకున్న కిటికీ తెరిచి ఉంది. మంచం మీద మోకాలెత్తు మంచు పేరుకుని ఉంది. ఒక ముసలావిడ ఆ మంచుని చేత్తో కొలిచి చూసి, ఏమీ అనకుండా కిటికీ మూసింది. పేర్లు పడటం మొదలైంది.

ఫోన్ మోగింది. పీఏ.

"సార్, అద్భుతం! టీ తాగి అందరం పక్క తలుపునించి గెస్ట్‌హౌస్‌కి వచ్చేశాం. రాయబారి చాలా సంతోషించాడు. మీ గురించే మాట్లాడుతున్నారు సార్ మంత్రిగారు. మేడమ్ గారు మిమ్మల్ని పిలవాలని ఆ తలుపు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లారో! రాలేదు సార్ తలుపు. చివరికి నేనూ ఒక చెయ్యి వేశాను. ఊహూ! మంత్రిగారు అది కళ్లారా చూసి, వీడు కదా మనిషి అని, అక్కడే ఫైలు మీద సంతకం పెట్టేశారు. కంగ్రాట్స్ సార్."

"మా ఆవిడ..."

"మీరేం దిగులు పెట్టుకోకండి. ఎక్కడికో ఫోన్ చేసుకున్నారు, తర్వాత రైలుందన్నారు. మన కారులోనే స్టేషన్‌కి పంపించాం. సంచీ కూడా నేనే ఎక్కించాను. సార్, ఒక్క సహాయం. ఫోటోగ్రాఫర్ ఇప్పుడే బయల్దేరాడు. మీరు ఇంకొంచెంసేపు..."

సాసరు తీసి టీ తాగాను. చల్లారి, మీగడ కట్టింది. పంచదార నాకు సరిపోయేంతే ఉంది.

కప్పు అక్కడే పెట్టి బయటికి వచ్చి, తలుపు దగ్గరికి లాగి, వీపు ఆనించాను.

ఫోటో మర్నాడు అన్ని పత్రికల్లోనూ వచ్చింది. ముఖంలో అంత ప్రశాంతత ఎలా తెచ్చుకున్నారని అందరూ అడుగుతున్నారు. పాఠకులు గమనించే ఉంటారు, ఈసారి మోచేయి మాత్రమే కాదు. మొత్తం నేనే ఉన్నాను.